అందరి అడవిలో ఒంటరి వేట

వేట యనగానే మనకు పురాణపురుషులు జ్ఞప్తికి వత్తురు. దశరథుడు సరయూతీరమున చీకటిలో చప్పుడు విని బాణము విడిచి మునికుమారుని చంపెను. పాండురాజు జింకల జంటను కొట్టి శాపము తెచ్చుకొనెను. వేట రాజులకు తగిన వినోదమని మన పెద్దలు చెప్పినను, కథ చెప్పవలసి వచ్చినపుడు మాత్రము విడిచిన బాణము వెనుకకు రాదను సంగతినే చెప్పిరి. నేనిపుడు చెప్పబోవునది రాజుల వేట కాదు. ఉద్యోగము చేసికొని బ్రతుకు సామాన్యుడొకడు, ప్రజలందరి ఉమ్మడి సొత్తైన అడవిలో, తోడెవరును లేక, ఒక్క మృగము కొఱకు చేసిన వేట. ఆ సామాన్యుడను నేనే. అందు నేను చేసిన తప్పు ఒకటి యున్నది. దానిని దాచక చెప్పుటకే ఈ ప్రసంగము.

నేను పుట్టినది కృష్ణ ఒడ్డున నొక పల్లె. ఇరువది యేండ్లకు పైగా అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కొలరాడోలో నివసించుచున్నాను. 2019 అక్టోబరులో వేటకు బయలుదేరుటకు ముందు, పల్లెలో నున్న మా నాయనతో టెలిఫోనులో మాటాడితిని. ఆయన వేట తప్పనలేదు, ఒప్పనలేదు. ఒక్క ప్రశ్న మాత్రము అడిగెను.

"ఆ అడవి ఎవరిదిరా అబ్బాయీ?"

"అందరిదీ నాయనా" అంటిని.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాటే. జాగ్రత్త" అని ఆయన టెలిఫోను పెట్టివేసెను.

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని మన సామెత. ఊరిలో పదిమందికి చెందిన గొఱ్ఱెకు పుండు పడినచో, మందు వేయువాడొక్కడును ఉండడు. మా నాయన మనసులో నున్నది ఆ సామెతయే యని నాకు తెలియును. ఆ మాట నాతో పాటు అడవికి వచ్చినది.

ముందుగా మృగము సంగతి చెప్పెదను. అచ్చట దానిని ఎల్కు అందురు. షానీ యను అక్కడి ఆదిమజాతివారి భాషలో దానికి వాపిటి యని పేరు. తెల్లని పిఱుదు గలదని ఆ మాటకు అర్థము. మన నల్లమల అడవులలోని కణుజును చూచినవారు దానినే ఇంకను పెద్దదిగా ఊహించుకొనవచ్చును. మగ ఎల్కు ఏడు వందల పౌనులు తూగును. ఆడది అయిదు వందల పౌనులు, అనగా ఇంచుమించు 225 కిలోలు. మగవాటికే కొమ్ములుండును. చలికాలము చివర అవి రాలిపోయి, మరల కొత్తవి మొలచును. భాద్రపద ఆశ్వయుజ మాసములలో, ఎదకాలమున, మగ ఎల్కు కూయు కూత సన్నని పిల్లనగ్రోవి ధ్వనివలె కొండ కొండకు వినిపించును. అంత పెద్ద శరీరమునుండి అంత సన్నని నాదము వచ్చుట మొదట విన్నవారికి నమ్మశక్యము గాదు.

ఒకప్పుడీ మృగములు ఆ దేశమున లెక్కకు మిక్కిలిగా నుండెడివి. పందొమ్మిదవ శతాబ్దిలో తోళ్ళ వర్తకులు, మాంసపు వర్తకులు అదుపు లేక కాల్చివేసిరి. 1910 ప్రాంతమునకు కొలరాడో రాష్ట్రమంతటను వేయికి మించి మిగిలి యుండలేదని అంచనా. 1912 నుండి పొరుగు రాష్ట్రమైన వ్యోమింగు నుండి కొన్నిటిని తెచ్చి విడిచిరి. చాల కాలము వేట నిలిపిరి. ఇప్పుడా రాష్ట్రమున రెండున్నర లక్షలకు పైబడి యున్నవి. ఇది దానంతట నది జరిగినది కాదు. ఒక తరమువారు చేయి బిగబట్టుకొనుటచే తరువాతి తరమువారికి దక్కినది.

అడవి సంగతియు అట్టిదే. నేను పోయిన అడవి పేరు వైట్ రివర్ జాతీయారణ్యము. 1891 అక్టోబరులో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఆ భూమిని రక్షితారణ్యముగా ప్రకటించెను. ఆ దేశమున ప్రభుత్వము ప్రత్యేకించి ఉంచిన మొట్టమొదటి అడవులలో నది రెండవది. నేడట్టి జాతీయారణ్యములు దేశమంతటను ఇంచుమించు 19 కోట్ల ఎకరములున్నవి. వానిలోనికి ఎవడైనను పోవచ్చును. కూలివాడైనను కోటీశ్వరుడైనను ఒక్కటే. గుడారము వేసికొనవచ్చును, చేపలు పట్టవచ్చును, చీటీ దొరకినచో వేటాడవచ్చును. కంచె లేదు, వాకిలి లేదు, కావలివాడు లేడు. అయితే "అందరిది" యను మాట వెనుక నొక బాధయు కలదు. అది యంతకు ముందు యూట్ జాతివారి వేటభూమి. 1881లో వారిని ఆ లోయనుండి వెడలగొట్టి యూటా ప్రాంతమునకు తరలించిరి. అందరిదని చెప్పుకొనుటకు ముందు అది కొందరిదై యుండెనని, ఆ కొందరు దానిని ఇష్టపడి ఇచ్చినవారు కారని మరచుట న్యాయము కాదు.

ఇక చీటీ. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అది మన దేశమునకు తగిన చట్టమే. కావున నా మాటలు విని ఎవరును తుపాకి భుజమున వేసికొనవలదని మనవి. ఆ దేశపు ఏర్పాటు వేరు. ఎల్కులను తినెడి తోడేళ్ళను 1940 ప్రాంతమునకే కొలరాడోలో తుడిచిపెట్టిరి. 2020లో ప్రజలు ఓటు వేసి తీర్మానించిన మీదట, 2023 డిసెంబరులో గాని మరల పది తోడేళ్ళను తెచ్చి అడవిలో విడువలేదు. చంపు మృగము లేనిచోట మేయు మృగము పెరిగి పచ్చికను, లేత చెట్లను తినివేయును; మంచుకాలమున పొలముల మీద పడును. కావున ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖవారు హెలికాప్టరులలో తిరిగి మందలను లెక్కించి, ఏ కొండమీద ఎన్ని మగవానిని, ఎన్ని ఆడవానిని కొట్టవచ్చునో నిర్ణయింతురు. ఆడ ఎల్కును కొట్టు అనుమతికి దరఖాస్తు పెట్టినవారిలో చీట్లు తీసి కొందరికి ఇత్తురు. వేటగాడు ముందుగా తరగతికి పోయి పాఠము విని పరీక్షలో నెగ్గవలెను. అనుమతి రుసుము అడవిమృగముల పోషణకే పోవును. తుపాకుల మీద, తూటాల మీద పన్ను వేసి ఆ సొమ్మును ఈ పనికే వినియోగింపవలెనని 1937లో దేశమంతటికి ఒక చట్టము చేసిరి. చీటీకి ఒక్క మృగము. అది పడినవెంటనే చీటీ విడదీసి, తేదీ వ్రాసి, సంతకము చేసి దేహమునకు కట్టవలెను. తినదగిన మాంసమును అడవిలో విడిచి వచ్చుట నేరము.

ఇంతకు నేనేల వేటాడవలెను? మా ఇంట మాంసము తినుదుము. అంగడిలో అట్టపెట్టెలో పెట్టి అమ్ము మాంసమును కొని తినుచు, చంపుట యను పని మరియొకనికి అప్పగించి, నా చేతులు శుభ్రముగా నున్నవని చాల యేండ్లు సంతోషించితిని. తినువాడు ఒక్కసారియైనను ఆ పని తన చేతితో చేసి చూడవలెనని తరువాత తోచినది. ఇది సరియైన ఆలోచన కాదని కొందరు పెద్దలు అనవచ్చును. నేను వాదింపను.

ఆ యేడు అక్టోబరు 12వ తేదీ శనివారము మొదలు 16వ తేదీ వఱకు, అయిదు దినములు, తుపాకి వేటకు మొదటి గడువు. మిత్రుడొకడు తోడు వచ్చెదనని రాలేకపోయెను. నేనొక్కడనే బయలుదేరితిని. ఏ కొండకు పోవుచున్నది, ఎచట బండి నిలుపునది, ఏనాటికి రాకున్నచో ఎవరికి తెలుపవలసినది కాగితముపై వ్రాసి నా భార్య చేతికిచ్చితిని. ఉపగ్రహము ద్వారా సందేశము పంపు చిన్న యంత్రమొకటి వెంట నుండెను. బాటచివర బండి నిలిపి, మూడు మైళ్ళు నడచి, ఒక వాగు ప్రక్కన గుడారము వేసితిని. సముద్రమట్టమునకు పదివేల అడుగుల ఎత్తు. పది అడుగులు వేసినచో ఆయాసము వచ్చును. ఫ్లాట్ టాప్స్ అను ఆ ప్రాంతమును 1975లో ప్రత్యేక వనభూమిగా నిర్ణయించిరి. అందు మోటారే కాదు, సైకిలుకు, తోపుడుబండికి గూడ ప్రవేశము లేదు. గుఱ్ఱముపై పోవలెను, లేదా కాలినడకన పోవలెను. మృగము పడెనేని దానిని వీపున మోసికొని రావలసినదే.

వేటగాడు ఒంటిమీద, తలమీద కండ్లు చెదరు నారింజరంగు లేక గులాబిరంగు గుడ్డ ధరింపవలెనని అచ్చటి నియమము. అది మరియొక వేటగాని తూటానుండి కాపాడుటకు. ఎల్కు కంటికి ఆ రంగు మెరిసినట్లు కనుపింపదు. కాని దాని ముక్కు మాత్రము మనిషిని అర మైలు దూరమున పసిగట్టును. కావున వేటకు మొదటి పాఠము గాలి. తెల్లవారుజామున చల్లగాలి కొండమీదనుండి లోయలోనికి దిగును. పొద్దెక్కి నేల వేడెక్కిన పిమ్మట లోయలోనుండి మీదికి లేచును. ఉదయము పైనుండి దిగరాదు, మధ్యాహ్నము క్రిందినుండి ఎక్కరాదు. రెండు దినములు ఈ లెక్కతోనే తిరిగితిని. అడుగుజాడలు చూచితిని, వెచ్చని పెంటికలు చూచితిని, మృగమును చూడలేదు. ఒకసారి గాలి మరలినది. దట్టమైన చెట్లలో నెక్కడనో కొమ్మలు విరిగిన చప్పుడు మాత్రము వింటిని.

మూడవ నాడు, సోమవారము సాయంకాలము. ఒక పచ్చికబయలు అంచున పడిపోయిన మ్రాను చాటున కూర్చుంటిని. ఒంటరి వేటలో పొద్దు వాలిన పిమ్మట తుపాకి పేల్చరాదని నాకు నేనే ఒక నియమము పెట్టుకొని యుంటిని. తగిలిన మృగము చెట్లలోనికి పరుగెత్తినచో వెదకుటకు వెలుతురు కావలెను. రెండవ మనిషి లేనప్పుడు అది మరింత కావలెను. సూర్యుడు కొండ వెనుకకు దిగెను. చట్టము ప్రకారము సూర్యుడస్తమించిన అరగంట వఱకును వేటాడవచ్చును. చట్టము అనుమతించినది, నా నియమము అనుమతింపలేదు. ఆ క్షణముననే ఆడ ఎల్కులు మూడు బయలులోనికి వచ్చినవి. దూరము రెండు వందల గజములు. మూడు దినముల అలసట, వట్టి చేతులతో ఇంటికి పోవలెనను సిగ్గు, రెండును నా చెవిలో మాటాడినవి. నియమమును ప్రక్కన పెట్టితిని. చివరనున్న దానిపై గురి పెట్టి పేల్చితిని. నేను మీట నొక్కునంతలో అది ఒక్క అడుగు ముందుకు వేసినది.

తూటా తగిలిన చప్పుడు వినబడెను. అది వీపు ముడుచుకొని చెట్లలోనికి పోయినది. ఆ ముడుచుకొనుటయే నాకు భయము కలిగించినది. ఊపిరితిత్తులకు తగిలిన మృగము దూకి పరుగెత్తి కొలది దూరములోనే పడును. కడుపులో తగిలినది వీపు వంచి మెల్లగ పోవును.

అరగంట కూర్చుంటిని. చీకటి పడినది. దీపము పట్టుకొని పోయి చూడగా గడ్డిమీద రక్తము కొలదిగా నుండెను. ఊపిరితిత్తుల రక్తము ఎఱ్ఱగా నురుగుతో నుండును. ఇది నల్లగా, చిక్కగా నుండెను. ఇట్టి గాయమైనచో కొన్ని గంటలు దాని జోలికి పోరాదు. విడిచిపెట్టినచో దగ్గరలోనే పండుకొని ప్రాణము విడుచును, వెంటబడినచో మైళ్ళకొలది పోవును. ఇది నేను నేర్చిన పాఠమే. కాని అప్పుడే సన్నగా మంచు కురియసాగినది. రక్తపు జాడ మంచులో కప్పబడిపోవునను తొందరలో నేను ముందుకు సాగితిని. ఇది రెండవ తప్పు. రెండు వందల అడుగులు పోవునప్పటికి ఎదుట చీకటిలో బరువైన శరీరమొకటి లేచిన చప్పుడు, కట్టెలు విరిగిన చప్పుడు వింటిని. పండుకొన్న మృగమును నేనే లేపితిని.

అచ్చటనే నిలిచిపోతిని. చివరి రక్తపు చుక్క యున్నచోట చెట్టుకు ఎఱ్ఱని పట్టీ కట్టి గుడారమునకు మరలితిని. "క్షేమముగ నున్నాను. గాయపడిన మృగము దొరకలేదు. రేపు వెదకెదను" అని నా భార్యకు సందేశము పంపితిని. పున్నమి వెళ్ళిన మరునాటి రాత్రి యైనను మబ్బు పట్టి వెన్నెల లేదు. నిద్ర లేదు. నేను వెచ్చని కంబళిలో నున్నాను. అది ఎక్కడనో చెట్ల క్రింద మంచులో నున్నది. సరయూతీరమున దశరథుడు చీకటిలో కొట్టెనని చిన్నతనమున కథ విన్నప్పుడు, ఆయన అంత తొందర ఏల పడవలెనని అనుకొంటిని. ఆ రాత్రి మరల అట్లు అనుకొనలేదు.

తెల్లవారకముందే లేచితిని. నాలుగు వ్రేళ్ళ మందము మంచు పడియున్నది. వెదకుటకు పోవు త్రోవలో ఆ పచ్చికబయలు దాటవలెను. దాని అంచునకు వచ్చి తలయెత్తి చూతునుగదా, ఎనిమిది ఎల్కులు నా యెదుట మేయుచున్నవి. నూరు గజములు లేదు. గాలి వానివైపునుండి నా మీదికి వచ్చుచున్నది. సూర్యోదయమైనది, వెలుతురు చక్కగా నున్నది. కొట్టదగిన ఆడ ఎల్కు ఒకటి ప్రక్కకు తిరిగి నిశ్చలముగ నిలిచినది. అంతటి సులువైన గురి నాకు ఎన్నడును దొరకలేదు. నా చీటీ జేబులో నున్నది. దానిపై నింకను తేదీ లేదు, సంతకము లేదు.

పెద్దలారా, ఆ క్షణమున నా మనసు చెప్పిన మాటలు మీకు చెప్పెదను. "రాత్రి దానిని మంచు కప్పినది, ఇక దొరకదు. పోయినదెట్లును పోయినది. దీనిని కొట్టి చీటీ కట్టుకొని పొమ్ము. చూచినదెవరు? అడుగువారెవరు?" ఆ మాటలలో నొక్కటియు అబద్ధము కాదు. చుట్టును మూడు మైళ్ళలో మనిషి లేడు. అది నా ఒంటరితనము వలన వచ్చిన సౌకర్యము. తోడు నొకడున్నచో వాని మొగము చూచియైనను సిగ్గుపడియుందును. "అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాటే" యని మా నాయన అన్నది అప్పుడు నాకు తెలిసినది. ఎవరిదియు కాకుండ చేయువాడు ఎక్కడినుండియో రానక్కఱలేదు. నేనే చాలుదును.

తుపాకి నేలపై పెట్టి, జేబులోని చీటీ తీసి, ముందునాటి తేదీ వ్రాసి సంతకము చేసితిని. ఇక ఆ చీటీపై మరియొక మృగమును కొట్టుటకు వీలులేదు. నేను గొప్ప పని చేసితినని చెప్పుటకు గాదు. ఆ సంతకము చేయకుండ అచ్చట నింకొక నిమిషము నిలిచియుందునేని ఏమి చేసియుందునో నాకే నమ్మకము లేదు. నా కదలికకు మంద తలలెత్తి చూచి, తెల్లని పిఱుదులు కనుపింప చెట్లలోనికి పోయినది.

ఎఱ్ఱపట్టీ కట్టిన చెట్టునుండి వెదకుట మొదలుపెట్టితిని. రక్తము లేదు, అడుగులు లేవు, అంతయు తెలుపు. పొలము దున్నువాడు చాలు వెంట చాలు వేసికొని పోవునట్లు, కొండవాలున ఒక చివరనుండి మరియొక చివర వఱకు పోవుటయు, ఇరువది అడుగులు దిగి మరల వెనుకకు వచ్చుటయు చేసితిని. పడియున్న మ్రానుల మీద ఎక్కి దిగి మోకాళ్ళు దోకుకొనిపోయినవి. గాయపడిన మృగము సాధారణముగ పల్లమునకు, నీటివైపునకు పోవునని విని, వాగువైపు మరలితిని. నాలుగు గంటలు గడచెను. అప్పుడు క్రింద లోయలో పెద్ద కాకుల అరుపు వినబడెను. వానితో పాటు నలుపు తెలుపు రెక్కల మాగ్‌పై పిట్టల గోల. మన ఊళ్ళలో గొడ్డు చచ్చినచోటు గద్దలు చూపునట్లు, అచ్చట ఇవి చూపును. పోయి చూచితిని. వాగునకు ఇరువది గజములలో, కుడిప్రక్కకు ఒరిగి, ఒంటిమీద పలుచని మంచుతో అది పడియుండెను. నేను రాత్రి నిలిచిపోయిన చోటునుండి ఆరు వందల గజములు. నేను తొందరపడి లేపకున్నచో అన్ని గజములు అది బాధపడుచు నడచియుండదు.

ప్రక్కన మోకరిల్లి, మెడమీద చేయి వేసితిని. ఏమి చెప్పవలెనో తెలియలేదు. చీటీ కట్టితిని.

తరువాతి పని చేతులది. ఎల్కు తోలు మందము. బయట నీరు గడ్డకట్టు చలి యున్నను లోపలి వేడి తెల్లవారు వఱకు దిగదు. అందువలన మృగము పడినవెంటనే కడుపు కోసి చల్లార్చవలెను. ఇది రాత్రియంతయు అట్లే పడియున్నది. ముందుకాళ్ళు, వీపు మాంసము, ఎడమతొడ బాగుగనే యుండెను. నేలవైపున నున్న కుడితొడ ఎముక దగ్గర కత్తి పెట్టగానే పులిసిన వాసన వచ్చెను. తొడయంతయు పాడైపోయినది. ముప్పది పౌనులకు తక్కువ గాని మాంసము. ఒక కుటుంబమునకు నెలకు పైగా సరిపడు ఆహారము. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదను సామెత ఆ వాసనతో పాటు నా ముక్కున కెక్కినది.

మంచి మాంసమును గుడ్డసంచులలో వేసి, ఎలుగుబంట్లకు అందకుండ త్రాళ్ళతో చెట్టుకొమ్మలకు కట్టితిని. ఒక్కొక్క సంచి వీపున వేసికొని బండి దగ్గరకు పోవుట, మరల వట్టిచేతులతో వచ్చుట. మూడు తడవలు. ఆ మధ్యాహ్నము నుండి మరునాటి సాయంకాలము వఱకు పట్టినది. మూడవ తడవ బరువు తక్కువయే యైనను కాళ్ళు లేవలేదు. మ్రానుకు ఆనుకొని కూర్చుండి, లేచి, మరల కూర్చుండి వచ్చితిని. పాడైన తొడను కాకులకు, నక్కలకు విడిచితిని. దానికి చీటీ లేదు, లెక్క లేదు. లెక్క నాలో నున్నది.

బాటచివరకు వచ్చునప్పటికి సంధ్యవేళ. అధికారి యెవడైన నిలిచి చీటీ చూపుమని అడుగునేమో యని కాగితములు చేతిలో పట్టుకొంటిని. అప్పుడప్పుడు అట్లు అడుగుట కలదు. ఆ సాయంకాలము ఎవరును లేరు. నా బండి ఒక్కటి మంచులో నిలిచియున్నది. కాగితములు జేబులో పెట్టుకొని ఇంటికి పోయితిని.

వారము తరువాత మా నాయనకు జరిగినదంతయు చెప్పితిని. చీకటి పడునప్పుడు కొట్టితినని, తొందరపడి లేపితినని, తెల్లవారి రెండవ దానిని కొట్టక విడిచితినని, తొడ పాడైనదని. ఆయన మెచ్చుకొనలేదు, తిట్టలేదు. కొంతసేపు ఊరకుండి, "ఇంకోసారి పొద్దుండగానే కొట్టు. లేకపోతే కొట్టమాకు" అనెను. రైతు మాట అట్లే యుండును. పుణ్యపాపముల లెక్క ఆయన తీయలేదు. రేపు చేయవలసిన పని చెప్పెను. నాటినుండి పొద్దు కొండను తాకుటకు గంట ముందే తుపాకిలోని తూటాలు తీసి సంచిలో వేసికొనుచున్నాను. ఆ గంటలో మృగములు ఎదుటికి వచ్చినవి, పోయినవి. చూచి సంతోషించితిని.

పెద్దలారా, మన గ్రామములలో గూడ అందరి సొత్తులు కలవు. ఊరి చెరువు కలదు, పశువులు మేయు బంజరు కలదు, డొంక కలదు, శ్మశానము కలదు. వానికి గోడలు లేవు. చెరువు గర్భమున ఒక గట్టు ముందుకు జరిపినను, రాత్రివేళ తూము ఒక జానెడు ఎక్కువ ఎత్తినను, మరునాడు అడుగువాడు లేకపోవచ్చును. చట్టము వ్రాయవచ్చును, కావలి పెట్టవచ్చును, పెట్టవలసినదే. కాని కావలివాడు నిద్రించు గంట ఒకటి ప్రతి దినము వచ్చును. ఆ గంటలో ఆ చెరువు ఎవరిది? ఆ సమయమున దాని గట్టున నిలిచియున్న ఒక్కనిది. వాడు ఏమి చేసిన నదే దాని గతి.

ఆ కొండమీద తెల్లవారువేళ ఆ ఎనిమిది మృగములు ఏ ప్రభుత్వముచేతను కాపాడబడలేదు. నేను రాత్రి చేసిన తప్పు నన్ను సిగ్గుపరచినది గనుక ఉదయము నా చేయి ఆగినది. సిగ్గు పడుట వలన మేలు కలుగునని చెప్పుటకు నాకింతకన్న పెద్ద నిదర్శనము లేదు. తప్పు చేసినవాని మాట గనుక వినదగునని తోచినచో వినుడు. సెలవు.